మా అత్తగారిని ఎక్కడికని అడిగిన రోజు

ఉద్యోగ జ్ఞాపకాలు రాయాలంటే ముందు ఆ ఉద్యోగంలో జుట్టు నెరవాలంటాడు మా ఆయన. నాకింకా ముప్పై నిండలేదు. జుట్టు మాత్రం నెరిసింది, అదీ ఒక్క ఏడాదిలోనే. కాబట్టి రాసే అర్హత ఉందనే అనుకుంటున్నాను. మా పాప నిద్రపోయాక, కరెంటు ఉన్నంతసేపు రాస్తున్నాను. ఇప్పటికే రెండుసార్లు లేచి వెళ్ళి దాని ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసి వచ్చాను. ఆడుతోంది. మూడోసారి లేచేలోపు విషయంలోకి వస్తాను.

ఈ మధ్య రంగూన్‌లోని మా చిమిండైంగ్ వీధిలోంచి ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలు విమానాశ్రయంలో పనికి చేరారు. సాయంత్రం మెట్ల మీద కూర్చుని, "అక్కా, మీ రోజుల్లో ఎలాగుండేది?" అని అడుగుతారు. మీ రోజుల్లో! వాళ్ళకీ నాకూ ఐదారేళ్ళు తేడా. అయినా ఆ రోజులు నిజంగానే వేరు. అన్నీ చెప్తే వాళ్ళు రేపు పనికి వెళ్ళరు. అందుకని ఒక్క రోజు సంగతి చెప్తాను.

నా ఉద్యోగం పేరు కాగితం మీద గొప్పగా ఉండేది. చేసే పని మాత్రం వరసని నడిపించడం. టికెట్ల కౌంటరు నుంచి విమానం తలుపు దాకా ముసలివాళ్ళని, చంటిపిల్లల తల్లుల్ని, మొదటిసారి ఎక్కేవాళ్ళని వెంటబెట్టుకుని తీసుకెళ్ళాలి. బెల్టు విప్పమనాలి, నీళ్ళసీసా పారెయ్యమనాలి, ఏడవొద్దనాలి. అన్నీ నవ్వుతూ అనాలి. మాస్కులు వచ్చాక ఆ నవ్వే బాధ ఒక్కటీ తప్పింది.

ముందు జబ్బు వచ్చింది. విమానాలు ఆగిపోయాయి. దేశం తలుపులు మూసుకుని లోపల గొళ్ళెం పెట్టుకుంది. మళ్ళీ ఎప్పుడు తీస్తారా అని చూస్తుంటే సైన్యం ప్రభుత్వాన్ని తన చేతుల్లోకి తీసుకుంది. జనం రోడ్ల మీదికి వచ్చారు. ప్రభుత్వ ఉద్యోగులు 'మీ కింద మేం పనిచెయ్యం' అని ఒక్కొక్కరే ఇళ్ళకి వెళ్ళిపోయారు. చౌక్తడాలో ఆఫీసుల తలుపులకి తాళాలు. సేక్కాన్ రేవులో సరుకు దించేవాళ్ళు లేక ఓడలు అలాగే నిలబడ్డాయి. రాత్రి ఎనిమిది కొట్టగానే ఊరంతా కిటికీల్లో నిలబడి నిరసనగా గిన్నెలు మోగించేది. మా ఇంట్లోనూ మోగించాం. మొదటి రోజే నేను మా అత్తగారి కంచుగిన్నె తీస్తే ఆవిడ చేతిలోంచి లాక్కుంది.

"నా గిన్నె జోలికి రాకు. నీ నల్ల పెనం తే. అదెలాగూ అట్టుకి పనికిరాదు."

అలా దేశం కోసం మా ఇంట్లో పోయింది నా పెళ్ళికి కొనుక్కున్న నాన్‌స్టిక్ పెనం ఒక్కటే.

మాది ప్రైవేటు కంపెనీ కాబట్టి మేం పనికి వెళ్తూనే ఉన్నాం. విమానాలు ఎప్పుడో ఒకటి వచ్చేవి. ఇక్కడ చిక్కుకున్నవాళ్ళని అక్కడికి, అక్కడ చిక్కుకున్నవాళ్ళని ఇక్కడికి చేర్చే ప్రత్యేక విమానాలు. అసలు చిక్కంతా సెక్యూరిటీ దగ్గర. సామాను లోపల ఏముందో చూపించే స్కానర్ ముందు అంతకుముందు ఒక పెద్దాయన కూర్చునేవాడు. తెర మీద బొమ్మ చూసి సంచీ ఎలాంటివాళ్ళదో చెప్పేసేవాడు.

"ఇది మీవాళ్ళదే. సగం పచ్చడి," అనేవాడు నాతో.

"మిగతా సగం?"

"పచ్చడి కారకుండా చుట్టిన చీరలు."

ఆయన సమ్మెలోకి వెళ్ళాడు. తన వీధి చివర మొహింగా బండి పెట్టుకున్నాడు. మొహింగా అంటే చేపల పులుసులో బియ్యపు సేమియా, మా ఊరి పొద్దుటి టిఫిను. అంత చురుకైన కళ్ళు ఇప్పుడు చేపముళ్ళు ఏరుకుంటున్నాయని మేం నవ్వుకునేవాళ్ళం. కొంచెం గర్వపడేవాళ్ళం కూడా.

ఆయన కుర్చీలో ఎక్కడినుంచో తెచ్చిన కొత్తవాళ్ళని కూర్చోబెట్టారు. తెర మీద రంగులు వాళ్ళకి అర్థం కావు. అర్థం కానివాళ్ళు ఏం చేస్తారు? ప్రతి సంచీ విప్పించేవాళ్ళు. సంచీలో ఏమీ దొరక్కపోతే మనిషిని ప్రశ్నలు అడిగేవాళ్ళు. ఉన్న దారుల్లో ఒక్కటే తెరిచి ఉండేది. వరస హాలు దాటి, తలుపులు దాటి, కార్లు నిలిపే చోటు దాకా సాగేది. మధ్యాహ్నం విమానానికి తెల్లవారి కర్ఫ్యూ ఎత్తెయ్యగానే వచ్చి నిలబడేవారు. అయినా కొందరు మిగిలిపోయేవారు. విమానం ఎవరికోసమూ ఆగేది కాదు. మళ్ళీ విమానం ఎప్పుడని వాళ్ళు నన్ను అడిగేవారు. నాకే తెలిస్తే కదా.

మా పైన ఒక సూపర్‌వైజరు. బర్మా ఆవిడ. అందరం 'మమ' అని పిలిచేవాళ్ళం, అంటే అక్క అని. కొందరు సొంత ఊళ్ళకి పోయి, కొందరు జబ్బుపడి, మా జట్టు సగమైపోయింది. మమ రోజూ నాకు ఒకే జాగ్రత్త చెప్పేది: "చెల్లీ, నువ్వు మాత్రం జ్వరం తెచ్చుకోకు, ఊరికి పోకు, మళ్ళీ కడుపు తెచ్చుకోకు."

నేను అప్పుడు పనికి వెళ్ళగలిగానంటే మా అత్తగారి వల్లే. పాపకి ఇంకా ఏడాది నిండలేదు. దానికి నూనె రాసి, నలుగుపెట్టి, నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేసి పడుకోబెట్టేది ఆవిడే. నేను ఎత్తుకుంటే, "ఏటే, గుడ్లబుట్ట ఎత్తుకున్నట్టు ఎత్తుకుంటావు? పిల్లే అది, పగలదు," అనేది. నాకు మాత్రం అది ఏ క్షణమైనా పగులుతుందనే ఉండేది.

అలాంటప్పుడు విశాఖపట్నం నుంచి మా ఆడపడుచు కబురు వచ్చింది. మొదటి కాన్పు. అల్లుడు సరుకుల ఓడలో వంటవాడు. జబ్బు భయంతో ఏ రేవులోనూ దిగనివ్వక సముద్రం మీదే తిరుగుతున్నాడు. అద్దె ఇంట్లో ఆ పిల్ల ఒక్కతే. నెలలు నిండుతున్నాయి. మొదటి పురుడు పుట్టింట్లో పొయ్యాలి. ఆ పిల్ల పుట్టింటికి రాలేదు కనక పుట్టిల్లే అక్కడికి వెళ్ళాలని మా అత్తగారు తేల్చేసింది. రంగూన్‌లోనే పుట్టి పెరిగిన ఆవిడ అంతవరకూ సముద్రం దాటలేదు, విమానం ఎక్కలేదు.

చెన్నై విమానంలో సీటు దొరికిందని చెప్పిన రోజు మమ నా వైపు చాలాసేపు చూసింది.

"మీ అత్త ఎక్కితే నీ ఉద్యోగం కూడా ఆవిడ పక్క సీట్లోనే ఎక్కుతుంది కదా?"

మా ఆయన బజారులో పప్పుల కొట్టు వదిలి రాలేడు. నాకు అమ్మ లేదు. బయట జబ్బు, తుపాకులు. చంటిపిల్లని రోజూ ఎవరింట్లో దింపి రాను? అలాగని ఈ విమానం తప్పితే, మళ్ళీ దొరికేసరికి ఆడపడుచు బిడ్డ నడుచుకుంటూ అమ్మమ్మకి ఎదురొస్తుందేమో.

ఇక్కడ మావాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. బయలుదేరిన మనిషిని 'ఎక్కడికి' అని అడగకూడదు. ఎవరైనా అడిగారా, కూర్చుని, గుక్కెడు మంచినీళ్ళు తాగి, మళ్ళీ బయలుదేరాలి. ఇది తెలుగువాళ్ళందరికీ తెలిసిందే. మా చిక్కేమిటంటే, బర్మావాళ్ళ పలకరింపే అది. ఎదురుపడితే బాగున్నావా అనరు, ఎక్కడికి వెళ్తున్నావంటారు. ఆచారం పట్టుకుని కూర్చుంటే మా ముత్తాతలు మేడమెట్లు దిగి ఉండేవాళ్ళు కాదు. అందుకని పెద్దవాళ్ళు ఒక రాజీ చేసుకున్నారు. ఎవరడిగినా 'డీనాలేబా' అంటారు. ఇక్కడికే, ఈ పక్కకే అని. ఇక్కడికే అన్నాక అది ప్రయాణమే కాదు, ఇక దోషం ఎక్కడిది? బజారుకి వెళ్ళినా ఇక్కడికే. మాండలే రైలెక్కినా ఇక్కడికే. పెళ్ళి, పురుడు లాంటి పెద్ద పనైతే మాత్రం మా అత్తగారు ఆ మాటతో ఊరుకోదు. ఇక్కడికే అంటుంది, కూర్చుంటుంది, నీళ్ళూ తాగుతుంది.

ఆ రోజు పాపని ఒక్క పూటకి పక్కింటావిడకి అప్పగించి నేను పొద్దున్నే పనికి వెళ్ళిపోయాను. మా ఆయన టాక్సీలో తల్లిని తీసుకొచ్చాడు. దారిలో సైనికులు అడ్డుకట్టలు పెట్టిన చోటల్లా కారు ఆపి, లోపలికి తొంగిచూసి, అదే ప్రశ్న వేశారట. ఎక్కడికి? "డీనాలేబా," అని మా అత్తగారు, వెంటనే సీసా మూత తీసి ఒక గుక్క. "ఎయిర్‌పోర్టుకండీ," అని పక్కనుంచి మా ఆయన. టాక్సీ అతను, తల్లిని పిలిచినట్టు, "అమే, ఇంకో అడ్డుకట్ట వస్తే ముందు నీకు బాత్రూం వెతకాలి," అన్నాడట. విమానాశ్రయం చేరేసరికి సీసా ఖాళీ.

తలుపు దగ్గర ప్రయాణికులందరికీ నీలం కోటు, ముఖానికి ప్లాస్టిక్ తొడుగు ఇచ్చారు. చీర మీద ఆ కోటు, మాస్కు మీద ఆ తొడుగు. వర్షంలో మండపానికి తీసుకెళ్తూ పాలిథిన్ కప్పిన వినాయకుడి విగ్రహంలా ఉంది మా అత్తగారు. మా ఆయన్ని లోపలికి రానివ్వలేదు. తల్లి కాళ్ళకి దణ్ణం పెట్టబోతే దూరం పాటించమని మైకులో అరిచారు. అతను అక్కడే నిలబడి గాలికి దణ్ణం పెట్టాడు.

వరసలో నిలబడ్డ కాసేపటికే ఆవిడ నా ఉద్యోగాన్ని తనిఖీ చెయ్యడం మొదలుపెట్టింది.

"ఇదేనేటే నీ ఉజ్జోగం?"

"ఇదే అత్తా."

"నిలబడినోల్లకి నిలబడమని సెప్తన్నావు. దీనికి కాలేజీ సదువెందుకే?"

వెనకాల ఉన్న తెలుగాయన నవ్వాడు. నేను వినిపించుకోనట్టు ముందుకి వంగి మెల్లగా చెప్పాను. "అత్తా, ఇక్కడ ఎక్కడికని అడిగితే చెన్నై అని చెప్పాలి. ఇక్కడికే అనకూడదు. సరేనా?"

"అలాగేలే."

పాపకి చెవుల్లో నూనె పొయ్యొద్దని డాక్టరు చెప్పారంటే కూడా ఆవిడ అలాగేలే అనే అంది. అదే గొంతు. నాకు అక్కడే అర్థమై ఉండాల్సింది.

మా వంతు వచ్చేసరికి విమానం ఎక్కించడం మొదలుపెట్టామని మైకులో చెప్తున్నారు. బల్ల దగ్గర ఉన్నది కొత్త అమ్మాయి. యూనిఫారం మడతలు కూడా ఇంకా పోలేదు.

"అమే, ఎక్కడికి?"

"డీనాలేబా," అంది మా అత్తగారు, ఠక్కున. చెప్పి, బూట్లు విప్పుకోవడానికి వేసిన కుర్చీలో కూర్చుంది. "నీల్లు తే."

ఆ అమ్మాయి చేతిలో ఉన్న చెన్నై బోర్డింగ్ కార్డు వైపు, మా అత్తగారి వైపు మార్చి మార్చి చూసింది. నేను పరుగెత్తి స్టాఫ్‌రూం నుంచి కాగితం కప్పుతో నీళ్ళు తెచ్చాను. ఆవిడ తొడుగు పైకెత్తి, మాస్కు కిందికి లాగి, గుక్క తాగి, అన్నీ సర్దుకుని లేచింది. "ఈవిడ తాగేలోపు విమానం మద్రాసు పోయి తిరిగొస్తుంది," అన్నాడు ఆ వెనకాయన.

అప్పటికే సంచీ విప్పారు. పాత నూలుచీరలు, చందనంలా అరగదీసి ముఖానికి రాసుకునే తనకా చెక్క, వాటి మధ్య ఒక డబ్బా. డబ్బాలో నల్లటి ముద్ద. బాలింత కాయం. శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు, బెల్లం వేసి మా అత్తగారు వారంపాటు దంచి చేసిన మందు. స్కానర్ తెర మీద అది ఎంత భయంకరంగా కనిపించిందో నేను చూశాను. మా మొహింగా పెద్దాయనైతే దాన్ని చూసి, "ఎవరికి పురుడు?" అని అడిగి ఉండేవాడు. ఈ అమ్మాయి పాపం మాస్కు దించి, ముక్కు దగ్గర పెట్టుకుని, గట్టిగా వాసన చూసింది.

తుమ్మింది. ఒకటి కాదు, వరసగా.

ఆ రోజుల్లో తుమ్మంటే ఏమిటో మీకు తెలుసు. వరస మొత్తం ఒక్కసారిగా వెనక్కి దూకింది. ఒకాయన చేతిలో పిల్లాడితో సహా స్తంభం వెనక్కి పోయాడు. పక్క బల్లవాడు శానిటైజరు సీసా తీసి గాలిలోకి కొట్టాడు. ఇంత గందరగోళంలో కదలకుండా ఉన్నది మా అత్తగారు ఒక్కతే. ఆవిడ భయం వేరు. బయలుదేరినప్పుడు తుమ్ము! మళ్ళీ కూర్చుంది.

"మల్లీ నీల్లు తే."

ఆ గోలకి లోపలి గదిలోంచి పై అధికారి వచ్చాడు. భుజాల మీద గుర్తులున్న మనిషి. ఆయన నవ్వలేదు, అరవలేదు. అదే ఎక్కువ భయం వేసింది.

"ఎక్కడికి వెళ్తున్నారు?"

"ఇక్కడికే."

"ఈ డబ్బా ఎవరు సర్దారు?"

"నానే." బర్మా భాష కూడా ఆవిడ శ్రీకాకుళం రాగంలోనే మాట్లాడుతుంది.

"మిమ్మల్ని ఎవరు పంపుతున్నారు?"

"నన్ను ఎవులు పంపుతారు? నా కాల్లు నేవా? నానే ఎల్తన్నాను."

"ఎక్కడికి?"

"ఇక్కడికే."

అలాంటి జవాబులకి నవ్వే రోజులు కావవి. కంగారులో, ఏళ్ళ తరబడి వాడిన నా పాత మంత్రం వాడేశాను. పోకచెక్కల కత్తి జేబులో పెట్టుకొచ్చిన తాతల్ని, గంగాజలం చెంబు వదలనన్న మామ్మల్ని నేను ఆ మంత్రంతోనే గట్టెక్కించాను. ఎప్పుడూ తప్పలేదు.

"పెద్దావిడండీ. వయసైపోయింది. ఏమీ తెలియదు."

ఆయన తల ఊపాడు. "నిజమే. ఎక్కడికి వెళ్తుందో కూడా తెలియదు. మతి సరిగ్గా లేని మనిషిని ఒంటరిగా ఎలా ఎక్కిస్తున్నారు? అక్కడ దిగి తప్పిపోతే ఎవరిది బాధ్యత? ఈవిణ్ణి ఆపెయ్యండి." పక్కవాడు గేటుకి చెప్పడానికి రేడియో నోటి దగ్గర పెట్టుకున్నాడు.

ఆ నియమం ఉంది. నేనే దాన్ని ఎందరికో చదివి వినిపించాను. ఇప్పుడు నా నోటితోనే మా అత్తగారికి తగిలించాను.

"ఏటన్నాడు? నాకు మతి నేదన్నాడా?"

"ముందు అన్నది నేనే, అత్తా."

"నువ్వా!" పొగపట్టిన తొడుగులోంచి చూసింది. "ఇంటికెల్లాక సెప్తాను నీ సంగతి."

"ఇంటికి వెళ్తే ఇంక చెప్పడానికేముంది? ప్రయాణమే పోతుంది. అత్తా, దణ్ణం పెడతాను, ఒక్కసారి చెన్నై అను. అంతే."

ఆవిడ నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. గొంతు తగ్గించింది.

"అక్కడ నా కూతురు ఒక్కతీ ఉందే. ఏ పెద్ద పనికీ నాను ఊరి పేరు సెప్పి గడప దాటి ఎరగను. ఇయ్యేల సెప్పి, రేపు పురిట్లో దానికేటైనా అయితే? నా నోరే గదా సేసిందనుకోనా?"

నవ్వొచ్చే మాటే. నాకు రాలేదు. నిద్రపోతున్న పిల్ల ముక్కు దగ్గర రాత్రంతా వేలు పెట్టి చూసేదాన్ని, ఆవిడకి నేను ఏం చెప్పను?

అప్పుడు మమ వచ్చింది. గేటు దగ్గర లెక్క తగ్గిందని చూసుకుంటూ వచ్చింది. నేను ఊపిరి తీసుకోకుండా జరిగిందంతా చెప్పాను. ఎక్కడికని అడిగితే చెప్పదు, చెప్తే కూతురికి కీడని భయం, ఆయన ఆపెయ్యమన్నాడు, విమానం వెళ్ళిపోతోంది.

మమ గడియారం చూసుకుంది. తర్వాత నన్ను చూసింది. ఆ చూపు నాకు బాగా గుర్తుంది. మా అత్తగారు ఇప్పుడు ఇంటికి వెళ్తే, రేపు పొద్దున్న నేను పనికి వస్తాను. వెళ్ళకపోతే రాను. ఇంత వరసని ఉన్న కొద్దిమందితో ఆవిడే లాగాలి. అది మా ఇద్దరికీ తెలుసు. నియమం ఉంది, అధికారి చెప్పాడు, ఆవిడ చెయ్యాల్సిందేమీ లేదు. 'అయ్యో' అని పక్కకి జరిగితే చాలు.

మమ మా అత్తగారి కుర్చీ ముందు గొంతుక్కూర్చుంది.

"అమే, మీకోసం ఎవరు ఎదురుచూస్తున్నారు?"

మా అత్తగారు ఒక్క క్షణం ఆలోచించింది. ఈ ప్రశ్నకి దోషం చెప్పిన పెద్దవాళ్ళెవరూ లేరు.

ఇక ఆనకట్ట తెగింది. "ఎవరేటి, నా కూతురు! విశాపట్నంలో ఉన్నాది. తొలిసూలు. అల్లుడు ఓడలో వంటోడు, దిగనివ్వకుండా సముద్రం మీద తిప్పుతన్నారు, మొన్న కొలంబో కాడ ఉన్నాడంట. నాను మద్రాసులో దిగుతానా, ఓటల్లో పడేస్తారంట రోగం ఉందో నేదో తేల్దాకా, అదయ్యాక రైలు, రైలుకాడికి అల్లుడి చెల్లెలు మొగుడు వత్తాడు, ఆడు మంచోడే గానీ మరుపెక్కువ…"

"సరే, సరే," అన్నాడు అధికారి.

"సరే కాదు, ఇను. డాట్రమ్మ ఈ నెలాకరన్నాది. నాను సూస్తే అంతదాకా ఆగదు, దానికి కడుపు కిందికి జారిపోయింది, వీడియోలో సూసేను. ఆ మందు మూడోనాటి నుంచి పెట్టాల, ఉసిరికాయంత. ఎక్కువెడితే వేడి సేస్తాది…"

ఎక్కడికి, ఏ విమానం, ఎక్కడ ఆగుతుంది, ఎవరు వస్తారు, అన్నీ వచ్చేశాయి. ఊళ్ళ పేర్లు చెప్పేశానని ఆవిడకి తోచనే లేదు. ఎక్కడికని ఎవరూ అడగలేదుగా. తుమ్మిన అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ, "కడుపు కిందికి జారితే ఆడపిల్లా, మగపిల్లవాడా?" అని అడిగింది. మా అత్తగారు దానికీ వివరం మొదలుపెట్టబోయింది.

"పంపించండి," అన్నాడు అధికారి. "ముందు ఈవిణ్ణి ఇక్కణ్ణించి పంపించండి."

ఆ అమ్మాయి డబ్బా మూత గట్టిగా బిగించి, చీరల మధ్య పెట్టి, సంచీ తనే కట్టి ఇచ్చింది. నేను సంచీ ఒక చేత్తో, అత్తగారిని ఒక చేత్తో పట్టుకుని పరుగెత్తాను. గేటు దగ్గర కార్డు తీసుకునే అబ్బాయి మర్యాదగా నోరు తెరిచాడు. "అడక్కు!" అని అరిచాను. పాపం, ఏం అడగబోయాడో. మారుమాట లేకుండా కార్డు చింపి ఇచ్చాడు.

తలుపు దగ్గర ఆవిడ ఆగింది.

"గుంట జాగర్త. రాత్తిరి దుప్పటి తన్నేస్తాది. నువ్వు పదిసార్లు లేపి సూడకు, దాన్ని పడుకోనీ." తర్వాత, అంతవరకూ ఇంట్లో ఎవరూ ఎత్తని మాట ఎత్తింది. "నీ ఉజ్జోగం నా వల్ల పోతన్నాది గదే."

"పోతే పోనీ అత్తా. నిలబడినవాళ్ళని నిలబడమని చెప్పే ఉద్యోగమేగా."

ఆవిడ నవ్వింది. తొడుగంతా పొగ కమ్మేసింది. ముఖం కనపడలేదు. అలాగే తడుముకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

నేను తిరిగి వచ్చేసరికి మమ వరస పక్కన నిలబడి ఎవరో తాత బెల్టు విప్పడానికి తంటాలు పడుతుంటే సాయం చేస్తోంది. తల ఎత్తకుండానే అడిగింది.

"రేపు రావు కదా?"

"రాను మమా."

"తెలుసు. మీ వీధిలో చదువుకున్న పిల్ల ఎవరైనా ఉంటే పంపించు. అత్తగారు లేనిదాన్ని చూసి పంపు."

నాకు ఏడుపొచ్చింది. అప్పుడు కూడా మాస్కే కాపాడింది. ఆ తాత సంచీ అందుకున్నాను. ఆ మధ్యాహ్నం ఇంకా చాలామంది మిగిలి ఉన్నారు. అందరినీ ఎక్కించలేకపోయాం. ఎక్కలేనివాళ్ళు తలుపు దగ్గర సామాన్ల మీద కూర్చుని ఎప్పుడని అడిగారు. నాకు తెలియదనే చెప్పాను. అదే నా ఉద్యోగంలో ఆఖరి పూట.

మా అత్తగారు మద్రాసు హోటల్లో ఉన్నన్నాళ్ళు అక్కడి సాంబారుని తిట్టింది. రైలెక్కింది. మరుపెక్కువ ఉన్న అతను నిజంగానే స్టేషనుకి రావడం మర్చిపోతే, ఆటో మాట్లాడుకుని తనే వెళ్ళింది. ఆవిడ చేరిన వారం లోపే, డాక్టరమ్మ చెప్పినదానికంటే ముందే, ఆడపడుచుకి నొప్పులు వచ్చాయి. ఆడపిల్ల. తల్లీ పిల్లా క్షేమం. సైన్యం రాత్రిళ్ళు ఇంటర్నెట్ ఆపేసేది కాబట్టి ఆ కబురు తెల్లవారి వచ్చింది. మా ఆయన కొట్టుకి వెళ్ళబోతూ మెట్ల మీదే కూర్చుండిపోయాడు.

ఇంకో పది రోజులకి పొద్దున్నే వీడియో కాల్. ఫోనులో మా అత్తగారు, ఆవిడ ఒళ్ళో ఎర్రటి చిన్న పిల్ల. ఎక్కిళ్ళు పెడుతోంది. ఒకటే ఎక్కిళ్ళు. ఆడపడుచు వెనకనుంచి, "అమ్మా, డాక్టర్ని పిలుద్దామా?" అని కంగారుపడుతోంది.

మా అత్తగారు ఫోను దగ్గరికి తెచ్చుకుంది. గొంతు సవరించుకుంది. అటూ ఇటూ చూసింది.

"ఏటే, మనదానికి ఎక్కిల్లొస్తే ఇప్పుడు నువ్వేటి సేస్తన్నావు?"

పెళ్ళయ్యాక ఆవిడ నన్ను ఏదైనా అడగడం అదే మొదలు. నిటారుగా భుజాన వేసుకుని, వీపు మీద అరచేత్తో కిందినుంచి పైకి రాయమన్నాను. మెల్లగా, తొందరపడకుండా.

ఆవిడ శ్రద్ధగా వింది. అంతా విని, "సాల్లే, అలా కాదు," అని పిల్లని బోర్లా ఒళ్ళో వేసుకుని తన పద్ధతిలో ఏదో చేసింది. మధ్యలో ఒకసారి, నేను చూడట్లేదనుకుని, భుజాన కూడా వేసుకుంది.

ఎక్కిళ్ళు ఆగాయి. ఎవరి వైద్యానికి ఆగాయో మాత్రం ఇప్పటికీ తేలలేదు.